ఎనిమిది బెర్తుల లెక్క: విదేశీ హాస్టల్లో స్నేహితులు దొరకాలంటే ఏది ఎంచుకోవాలి

"అమ్మా, అక్కడ హాస్టల్లో దిగుతాను" అని మొదటిసారి ఇంట్లో చెప్పినప్పుడు మా అమ్మ చేటలో బియ్యం ఏరుతూ ఆగిపోయింది. "ఉజ్జోగం చేసుకుంటన్నావు కదే, మళ్ళీ హాస్టలేటి?" అంది. తప్పు ఆవిడది కాదు. శ్రీకాకుళంలో హాస్టల్ అంటే ఇంటర్ కాలేజీ హాస్టలే. నీళ్ళ సాంబారు, ట్రంకు పెట్టె, తెల్లారకుండానే స్టడీ అవర్ బెల్లు, ఆదివారం నాన్న కేరేజీ పట్టుకుని గేటు దగ్గర నిలబడటం. అలాంటి చోటుకి విమానం ఎక్కి, డబ్బులిచ్చి మరీ వెళ్ళడమేమిటని ఆవిడ బాధ.

బయటి దేశాల్లో హాస్టల్ వేరు. అక్కడ గది కాదు, గదిలో ఒక మంచం అద్దెకిస్తారు. ఒకదాని మీద ఒకటి మంచాలు, తల దగ్గర చిన్న లైటు, ఒక ప్లగ్గు, సామానుకి లాకరు. చుట్టూ ముక్కూ మొహం తెలియని మనుషులు. 1912లో జర్మనీలోని ఆల్టెనా కోటలో రిచర్డ్ షిర్‌మన్ అనే బడిపంతులు మొదటి యూత్ హాస్టల్ తెరిచాడు. కాలినడకన ఊళ్ళు తిరిగే పిల్లలకి రాత్రి తల దాచుకునే చోటు కావాలని పుట్టిన ఆలోచన అది. పగలంతా కలిసి నడిచినవాళ్ళు రాత్రి ఒకే కప్పు కింద పడుకునేవారు. ఇప్పుడు చాలా హాస్టళ్ళలో ఆ పడక మిగిలింది గానీ కలిసి నడవడం పోయింది. స్నేహం కోసం వెళ్ళేవాళ్ళు చూసుకోవాల్సింది ఆ పోయిన సగం ఎక్కడ దొరుకుతుందా అని.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, విజయనగరంలో ఉండే మా చిన్నాన్న కూతురు మొదటిసారి ఒంటరిగా బయటి దేశం వెళ్తోంది. పది రోజుల సెలవు. మాటకారి కాదు. కొత్తవాళ్ళ ముందు నోరు పెగలదు. "అక్కా, రేటింగ్ ఎక్కువున్నది చూసి బుక్ చేసేయనా?" అని ఫోన్ చేసింది. వద్దన్నాను. రేటింగ్ చూస్తే బాత్‌రూమ్ శుభ్రంగా ఉందో లేదో తెలుస్తుంది. పక్క మంచం మీది మనిషి మనతో మాట్లాడుతుందో లేదో అందులో ఉండదు.

గదిలో ఎంతమంది

శ్రీకాకుళం రోడ్డులో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్ వెళ్ళినవాళ్ళకి ఈ లెక్క సులువుగా అర్థమవుతుంది. స్లీపర్ బోగీలో డెబ్బై ఎనభై మంది ఉంటారు. మనకి పరిచయమయ్యేది మన చుట్టూ ఉన్న ఏడుగురు. ఎదురెదురుగా ఆరు బెర్తులు, పక్కన రెండు. తుని దాటేసరికి ఎవరమ్మాయి ఎక్కడ ఇంజనీరింగ్ చదువుతోందో, ఎవరి మోకాళ్ళకి ఆపరేషన్ అయిందో తెలిసిపోతుంది. ఆ పక్క బెర్తుల్లో కూర్చున్నవాళ్ళ మొహం కూడా గుర్తుండదు.

హాస్టల్ గది కూడా అంతే. ఆరు నుంచి ఎనిమిది మంచాల గది మంచిది. నాలుగు మంచాలది ఇంకా హాయి కదా అనిపిస్తుంది గానీ అందులో ఒక మెలిక ఉంది. మిగతా ముగ్గురూ ఒకే జట్టుగా వచ్చినవాళ్ళయితే, వాళ్ళింటికి మనం చుట్టపుచూపుగా వెళ్ళినట్టుంటుంది. పన్నెండు, పదహారు మంచాల గదుల్లో డబ్బు కొంచెం మిగులుతుంది, నిద్ర పోతుంది. రాత్రి మూడింటికి ఎవరో వస్తారు, నాలుగింటికి ఎవరో ప్లాస్టిక్ కవర్లు గలగలలాడిస్తూ సర్దుకుని వెళ్ళిపోతారు. అంతమందిలో పలకరించడం ఎవరి బాధ్యతా కాదు.

ఆడవాళ్ళకి విడిగా ఉండే గదులు చాలాచోట్ల ఉన్నాయి. ఒక్కోచోట కాస్త ఎక్కువ తీసుకుంటారు. మొదటి ప్రయాణానికి నేను అదే చెప్తాను. భయం ఒక్కటే కారణం కాదు. అక్కడ మాట సులువుగా మొదలవుతుంది. పిన్నీసుందా అని అడగడం, హెయిర్ డ్రయ్యర్ అందుకోవడం, తలనొప్పి మాత్ర ఇవ్వడం, అంతే. అబ్బాయిలతో పరిచయాలు కావాలన్నా కింద హాల్లోనూ వంటింట్లోనూ ఎలాగూ అవుతాయి, గదిలోనే అవ్వక్కర్లేదు.

హాస్టల్లోనే విడి గది తీసుకోవడం మధ్యేమార్గం అంటారు. నాకంత నమ్మకం లేదు. తలుపు వేసుకుంటే ఫోన్ చేతికొస్తుంది, ఫోన్ చేతికొస్తే ఆ సాయంత్రం అయిపోయినట్టే. ముప్పై దాటి, నిద్ర చెడితే మర్నాడు మనిషి కానివాళ్ళు (నేనూ ఆ జాబితాలోకి వచ్చేశాను) మొదటి మూడు రాత్రులు డార్మ్‌లో (అంటే నలుగురితో కలిసి పడుకునే గదిలో) ఉండి, తర్వాత విడి గదికి మారడం మంచిది. అప్పటికి తలుపు తట్టి భోజనానికి పిలిచేవాళ్ళు ఒకరిద్దరు తయారవుతారు.

బారున్నదా, వంటిల్లున్నదా

అసలు తేడా ఇక్కడే ఉంది.

నా మొదటి ప్రయాణంలో వియత్నాం రాజధాని హనోయి పాతబస్తీలో ఒక పార్టీ హాస్టల్ ఎంచుకున్నాను. కింద బారు, పైన డార్మ్‌లు. ఫోటోల్లో అందరూ భుజాల మీద చేతులు వేసుకుని నవ్వుతున్నారు. అంత నవ్వున్నచోట స్నేహితులు దొరకరా అనుకున్నాను. రాత్రి పదకొండు లోపు ముప్పై మందితో చేయి కలిపాను. పొద్దున్న ఒక్కరి పేరూ గుర్తులేదు. నా పేరు వాళ్ళకీ గుర్తులేదు, అదొక్కటే సమానం. నేను తాగకపోవడం సమస్య కాలేదు, గ్లాసులో ఏముందో ఎవరూ చూడరు. పాటల హోరులో కొత్త యాసల ఇంగ్లీషు వినబడకపోవడం సమస్య అయింది. మూడుసార్లు "ఏంటీ?" అని అడిగాక నాలుగోసారి నవ్వి ఊరుకుంటాం. ఆ నవ్వే ఫోటోలో పడుతుంది.

దీనికి ఎదురు చెక్ రాజధాని ప్రాగ్‌లో జరిగింది. చిన్న హాస్టల్, ఒక వంటిల్లు, పొడుగాటి బల్ల. బయటి తిండి రేట్లకి గుండె చెదిరి చారు పెట్టుకుందామని దిగాను. నూనె కాగాక ఎండుమిరపకాయలు, ఆవాలు వేశాను. తాలింపు చిటపటమంది, ఘాటు లేచింది, పైన పొగ అలారం మోగింది. పదకొండు మంది దగ్గుతూ బయటికొచ్చారు. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. కానీ ఆ తర్వాత నన్ను పరిచయం చేసుకోనివాళ్ళు ఆ హాస్టల్లో లేరు. ఆ రాత్రి బల్ల చుట్టూ చేరి, ఎవరి వంట వాళ్ళు పక్కవాళ్ళకి కొంచెం పెట్టారు. పోలండ్ నర్సు ఒకావిడ చారుని గ్లాసులో పోసుకుని తాగింది. ఆవిడ ఇప్పటికీ సంక్రాంతికి మెసేజ్ పెడుతుంది, గాలిపటాల పండగ శుభాకాంక్షలని. మా వైపు గాలిపటాల కంటే భోగి మంటలూ కనుమ మాంసమూ ముఖ్యమని రెండేళ్ళుగా చెప్తూనే ఉన్నాను.

వంటిల్లు ఎందుకు పనిచేస్తుందంటే, అక్కడ చేతికి పని ఉంటుంది. ఉల్లిపాయ తరుగుతూ మాట్లాడేటప్పుడు కళ్ళలోకి చూడక్కర్లేదు, మాట ఆగిపోయినా ఇబ్బంది ఉండదు. మాటకారులు కానివాళ్ళకి అంతకంటే మంచి చోటు లేదు. పెళ్ళిళ్ళలో కూరగాయలు తరిగే చోట కూర్చున్న ఆడవాళ్ళని చూడండి, సగం చుట్టరికాలు అక్కడే కుదురుతాయి.

కొన్ని హాస్టళ్ళలో రోజూ రాత్రి అందరికీ కలిపి వండి ఒకే బల్ల మీద వడ్డిస్తారు. వియత్నాంలో దీన్ని ఫ్యామిలీ డిన్నర్ అని రాసి పెడతారు. వంట రానివాళ్ళకి అది వరం. శాకాహారులైతే మధ్యాహ్నమే చెప్పి ఉంచాలి, లేకపోతే చేప సాస్ పడని వంటకం దొరకడం కష్టం.

మరి పార్టీ హాస్టల్ ఎవరికి? ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ వయసు, ఊళ్ళో రెండే రాత్రులు, సాయంత్రం ఒక గుంపుతో బయటికి పోతే చాలనుకునేవాళ్ళకి. తప్పేం లేదు. గ్లాసు మాత్రం చేతిలోంచి వదలకండి, పాస్‌పోర్టు లాకర్‌లో పెట్టండి, బారు ఉన్న అంతస్తుకి దూరంగా గది అడగండి.

బుక్ చేసేముందు సమీక్షల్లో మూడు నక్షత్రాలవి చదవండి. ఐదు ఇచ్చినవాళ్ళు పొగుడుతారు, ఒకటి ఇచ్చినవాళ్ళు తిడతారు, మూడు ఇచ్చినవాళ్ళు ఉన్నది చెప్తారు. "ఒంటరిగా వచ్చాను" అన్న మాట ఎన్ని సమీక్షల్లో ఉందో చూడండి. ఫోటోల్లో మంచాల కంటే కూర్చునే చోటు వెతకండి. విడివిడి సోఫాల కంటే ఒక పెద్ద బల్ల మేలు. కోడ్ నొక్కి తలుపు తెరుచుకోవడమే తప్ప రిసెప్షన్‌లో మనిషి లేని చోటు వద్దు. కొన్నిచోట్ల ముప్పై ఐదో నలభయ్యో దాటినవాళ్ళని డార్మ్‌లోకి రానివ్వరు, ఆ నిబంధన అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది.

హాస్టల్ కాకుండా

హోంస్టేలో ఆ ఇంటివాళ్ళతో అనుబంధం ఏర్పడుతుంది, తోటి ప్రయాణికులతో కాదు. రెండింటిలో ఏది కావాలో ముందే తేల్చుకోవాలి. జపాన్‌లో మనిషి పడుకునేంత గూళ్ళుండే కాప్స్యూల్ హోటళ్ళుంటాయి, మొదటిది 1979లో ఒసాకాలో వచ్చింది. నిద్రకి బ్రహ్మాండం. తెర దించేసుకుంటే పక్కవాడి దగ్గు కూడా మొహమాటంగా వినిపిస్తుంది, స్నేహానికి పనికిరావు. కౌచ్‌సర్ఫింగ్ అని ముక్కూమొహం తెలియనివాళ్ళ ఇంట్లో ఉచితంగా దిగే పద్ధతి 2004 నుంచి ఉంది, 2020 నుంచి చాలా దేశాల్లో సభ్యత్వానికి డబ్బు తీసుకుంటున్నారు. మంచి అనుభవాలు చెప్పినవాళ్ళు నాకు తెలుసు. అయినా మొదటిసారి ఒంటరిగా వెళ్ళే ఆడపిల్లకి నేను చెప్పను. ఎవరేమనుకున్నా సరే.

ఐదు ఊళ్ళా, రెండు ఊళ్ళా

సెలవు పది రోజులే కదా అని ఐదు ఊళ్ళు పెట్టుకుంటారు. ఊరికి రెండు రాత్రులు. అప్పుడు రోజూ అవే నాలుగు ప్రశ్నలు: పేరేంటి, ఏ దేశం, ఎక్కడినుంచి వస్తున్నావు, ఎక్కడికి వెళ్తున్నావు. ఐదో ప్రశ్నకి వచ్చేలోపు ఒకరు బస్సెక్కేస్తారు. కనీసం మూడు రాత్రులు ఉంటే రెండో రోజు పొద్దున్న టిఫిన్ దగ్గర నిన్నటి మొహం కనిపిస్తుంది. అక్కడినుంచే ఏదైనా మొదలయ్యేది.

దీనికంటే మంచి దారి ఇంకొకటుంది. ఊరు మారినా మనుషులు మారని ప్రయాణం. నేపాల్‌లో పూన్ హిల్ ట్రెక్ అలాంటిది. పోఖరా నుంచి బయల్దేరి, ఘోరేపానీ మీదుగా 3,210 మీటర్ల గుట్ట ఎక్కి, సూర్యోదయంలో అన్నపూర్ణ, ధౌలగిరి శిఖరాలు చూసి, ఘాంద్రుక్ వైపు దిగుతారు. మూడు నాలుగు రోజులు. దారంతా టీ హౌస్‌లని చిన్న బసలుంటాయి. చలికి అందరూ భోజనాల గదిలో ఒకే ఇనప పొయ్యి చుట్టూ చేరతారు, తడి సాక్సులు దాని పైన ఆరేస్తారు. పొద్దున్న మెట్ల మీద మనల్ని దాటిపోయిన మనిషి రాత్రి పక్కనే కూర్చుని దాల్ భాత్ తింటూ ఉంటాడు. మర్నాడు మళ్ళీ కనిపిస్తాడు. కాళ్ళ నొప్పులు అందరివీ ఒకటే కాబట్టి మాటలకి కరువుండదు. నా ప్రయాణాల్లో మిగిలిన స్నేహాల్లో సగం ఈ పొయ్యి దగ్గరివే. గైడ్, పర్మిట్ నిబంధనలు మారుతుంటాయి, బయల్దేరేముందు పోఖరాలోనే కనుక్కోవాలి.

వియత్నాం ఉత్తరాన చైనా సరిహద్దు దగ్గర హా జాంగ్ లూప్ కూడా ఇదే కోవ. సుమారు 350 కిలోమీటర్ల కొండదారి, మూడు నాలుగు రోజులు బైకుల మీద గుంపుగా వెళ్తారు, రాత్రుళ్ళు హోంస్టేల్లో కలిసి భోజనం. ఇక్కడ మనవాళ్ళు ఒక పొరపాటు చేస్తారు. మన దేశం ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ 1949 నాటి అంతర్జాతీయ రోడ్డు ట్రాఫిక్ ఒప్పందం కిందది, వియత్నాం ఒప్పుకునేది 1968 ఒప్పందం కింద ఇచ్చినవాటిని. అంటే మనం బండి నడిపితే లైసెన్సు లేనట్టే, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కూడా దక్కదు. వెనక కూర్చోండి. స్థానిక డ్రైవర్లు ఉంటారు, ఈజీ రైడర్ అని అడిగితే చాలు. కొండలు చూడటానికి కూడా వెనక సీటే మేలు.

యూరప్‌లో అయితే స్పెయిన్‌లో శాంటియాగో అనే ఊరి చర్చికి చేసే కాలినడక యాత్ర. కనీసం చివరి 100 కిలోమీటర్లు నడిచినవాళ్ళకి అక్కడ యాత్రా పత్రం ఇస్తారు. దారిలో అల్బెర్గేలనే బసల్లో బంకు మంచాలు, చాలాచోట్ల కలిసి భోజనాలు. నేనింకా నడవలేదు. నడిచొచ్చిన ఇద్దరిని ప్రాగ్‌లో కలిశాను, ఒకరు కొరియా, ఒకరు బ్రెజిల్. దారిలో పరిచయమైనవాళ్ళే. కాళ్ళ బొబ్బలు చూపించుకుంటూ అక్కాచెల్లెళ్ళలా దెబ్బలాడుకుంటున్నారు.

తోడుండాలా

ఇద్దరు తెలుగువాళ్ళం కలిసి వెళ్తే రాత్రంతా తెలుగే. హాయిగా ఉంటుంది, మూడో మనిషి మాత్రం దగ్గరికి రాదు. తోడు తప్పనిసరైతే ఒకే హాస్టల్లో వేరువేరు గదులు తీసుకోండి. ఇక్కడినుంచి గ్రూప్ టూర్లో వెళ్తే రాజాం వాళ్ళో పాలకొండ వాళ్ళో పరిచయమై వస్తారు. అదీ మంచిదే, మంచి సంబంధాలు కూడా కుదిరాయని విన్నాను. కానీ దానికోసం వియత్నాం దాకా అక్కర్లేదు.

ఇంగ్లీషు గురించి టెన్షన్ వద్దు. హాస్టల్లో ఉండే బ్రెజిల్, కొరియా, జర్మనీ వాళ్ళకీ అది మాతృభాష కాదు. వాళ్ళు తప్పులు మాట్లాడుతూనే నవ్వుతూ ముందుకెళ్ళిపోతారు. మనమే నోట్లో వాక్యం దిద్దుకుంటూ కూర్చుంటాం.

"ఇండియాలో ఎక్కడ?" అని అడిగితే చాలామంది మనవాళ్ళు హైదరాబాద్ అనేస్తారు. నేను శ్రీకాకుళం అనే చెప్తాను. కోల్‌కతాకీ చెన్నైకీ మధ్య రైలు మార్గంలో, సముద్రం పక్కన. ఏడాదిలో రెండుసార్లు, మార్చిలోనూ అక్టోబరులోనూ, పొద్దుటి సూర్యకిరణాలు గర్భగుడిలో దేవుడి పాదాల మీద పడే గుడి ఉందని అరసవల్లి గురించి చెప్తాను. మా తీరానికి తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయనీ, అదే తీరాన తాబేలు రూపంలో దేవుణ్ణి కొలిచే శ్రీకూర్మం ఉందనీ చెప్తే, తాజ్‌మహల్ సంగతి అడగాలనుకున్నవాళ్ళు కూడా మర్చిపోతారు. మా ముత్తాత తరంలో కూలి కోసం రంగం వెళ్ళినవాళ్ళు ఊరూరా ఉన్నారు, రంగమంటే రంగూన్. బయటి దేశం మన జిల్లాకి కొత్త కాదు, సరదాకి వెళ్ళడమే కొత్త.

పలాస జీడిపప్పు పట్టుకెళ్ళండి. మాట పెగలనివాళ్ళకి పొట్లం విప్పడమే పలకరింపు. వియత్నాంకి మాత్రం దండగ, జీడిపప్పు ఎగుమతిలో వాళ్ళే ప్రపంచంలో ముందున్నారు. నేను తెలియక తీసుకెళ్ళి ఒక ముసలావిడ ముందు నవ్వులపాలయ్యాను, ఆవిడే తిరిగి నాకు దోసెడు పెట్టింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లకైతే తినే వస్తువు ఏదున్నా విమానాశ్రయంలో ముందే రాసి చూపించాలి, లేకపోతే జరిమానా.

చేదు కూడా చెప్పాలి. ఒకచోట రిసెప్షన్‌లో నా పాస్‌పోర్టు చూసి, ఇండియన్లు గుంపుగా వచ్చి గోల చేస్తారని మొహం మీదే అన్నారు. నేను ఒక్కదాన్నే నిలబడి ఉన్నాను. వాదించలేదు. ఒక రాత్రి పడుకుని, పొద్దున్నే ఇంకో హాస్టల్‌కి మారిపోయాను. అందుకే ఎక్కడైనా మొదట ఒకటి రెండు రాత్రులకే బుక్ చేసి, నచ్చితే పొడిగించుకుంటాను.

మొదటిసారి ఏ దేశం

వియత్నాం, నేపాల్‌లలో డార్మ్ మంచం సుమారు 500 నుంచి 1,000 రూపాయలు, పశ్చిమ యూరప్‌లో 2,500 నుంచి 5,000 దాకా, సీజన్‌ని బట్టి. ఆ డబ్బు తేడా స్నేహాల్లో కనిపించదు. యూరప్‌కి షెంజెన్ వీసా, దానికి కనీసం 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్సు, బుకింగులన్నీ ముందే. అన్నీ ముందే ఖాయమైతే, "రేపు మాతో రా" అని ఎవరైనా పిలిచినా వెళ్ళలేం. నేపాల్‌కి వీసా లేదు, పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చాలు. థాయ్‌లాండ్‌లో చియాంగ్ మాయి బాగుంటుంది, ద్వీపాల్లో మందు ఎక్కువ మాట తక్కువ. శ్రీలంకలో వెలిగామ దగ్గర వారం రోజుల సర్ఫింగ్ క్లాసులుంటాయి, రోజూ అదే జట్టుతో నీళ్ళలో పడుతూ లేస్తూ ఉండొచ్చు. ఈతొచ్చినవాళ్ళకి నేపాల్ తర్వాత నా ఓటు దానికే.

మా చెల్లికి చివరికి నేపాల్ ఖాయం చేశాం. ఢిల్లీ మీదుగా కాఠ్‌మాండూ, అక్కడినుంచి బస్సులో పోఖరా. వంటిల్లున్న హాస్టల్లో ఆడవాళ్ళ ఆరు మంచాల గది, రెండు రాత్రులు. తర్వాత నాలుగు రోజులు పూన్ హిల్. దిగొచ్చాక మళ్ళీ అదే హాస్టల్లో రెండు రాత్రులు, ఎందుకంటే ట్రెక్‌లో కలిసినవాళ్ళు కూడా దిగేది ఆ ఊరికే. పెద్ద సామాను అక్కడే ఉంచి వెళ్ళొచ్చు. లాకర్‌కి తాళంకప్ప సొంతంగా తీసుకెళ్ళమన్నాను, చాలాచోట్ల వాళ్ళివ్వరు.

అన్నీ విని చెల్లి ఒక్కటే అడిగింది. "అక్కా, జీడిపప్పు అరకిలో చాలా?"

కిలో తీసుకెళ్ళమన్నాను. మొదటి రాత్రి భయం వేస్తే సగం అదే తినేస్తుంది.